విత్తనం సంచికి వేసిన మాసిక

"పోవద్దంటే పోవద్దు. ఇంగ ఆ మాట ఎత్తొద్దు."

"ఏంటికి పోవద్దో చెప్పవ్వా. ఊరికే పోవద్దు, పోవద్దు అంటే ఎట్ల? నేనేమన్నా పాలు తాగే పాపనా?"

"ముసలాయప్ప. ఇన్నేండ్లకు పోయి ఆయప్ప గడప ముందర నిలబడి, మా తాత బ్యాడ్జీ ఇయ్యి అంటావా? నోరెట్ల వస్తాది నీకు?"

"దొంగతనం చేసేటప్పుడు ఆయప్పకు చెయ్యెట్ల వచ్చె? నేనేం అరిసేకి పోను. మర్యాదగా అడుగుతా. ఇస్తే సరి. ఇయ్యకపోతే ఫోన్లో పెట్టేస్తా, పేరుతో సహా. పాత బ్యాడ్జీలు ఏరుకునేటోళ్ళంతా ఉండారు మా గుంపులో. అందురూ సూస్తారు."

"పెట్టి సూడు. నీ ఫోను తీసకపోయి బాయిలో ఏస్తా."

"బాయిలో నీళ్ళు యాడుండాయవ్వా? ఏస్కో. దిగి ఏరుకోనొస్తా."

మొన్న సాయంత్రం మా ఇంట్లో జరిగిన కొట్లాట ఇది. పోతానన్నది నా మనవరాలు, నా కొడుకు కూతురు. వద్దన్నది నేను. మా ఇద్దరి మధ్య నేల మీద మా ఇంటాయన రేకుపెట్టె మూత తెరిచి ఉంది. ఆయన పోయి చాలా ఏండ్లయింది. పెట్టెలో ఆయన కూడబెట్టిన పాత స్కౌటు బ్యాడ్జీలు ఉన్నాయి. అందులో ఒకటి లేదు. ఆ ఒకటి ఆయన స్నేహితుడు దొంగిలించాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఏంటికి పోవద్దో చెప్పమని పిల్ల నాలుగైదు సార్లు అడిగింది. నేను చెప్పలేదు. ఆ బ్యాడ్జీ ఆ స్నేహితుడి దగ్గర లేదు. ఎప్పుడూ లేదు. తీసింది నేను.

రాశాను. కలం ఆగుతుందనుకున్నాను, ఆగలేదు.

నీళ్ళ బిందె నెత్తిన పెట్టుకుని దూరం నడిచినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. దింపే చోటు లేకపోతే బరువు మెడలోకి దిగి కూర్చుంటుంది. మెడ అలవాటు పడిపోతుంది. పక్కన నడిచేవాళ్ళతో మాట్లాడుతూ కూడా పోవచ్చు. బరువు మాత్రం తగ్గదు. నా కొడుకు పెళ్ళి ఈ బరువుతోనే చేశాను. నా మొగుణ్ణి ఈ బరువుతోనే సాగనంపాను. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడననీ, నవ్వననీ, కఠినమైన మనిషిననీ మా ఊళ్ళో అంటారు. పుట్టుకతో వచ్చిందెంతో, ఈ బరువు వల్ల వచ్చిందెంతో ఇప్పుడు నేనే విడదీసి చెప్పలేను.

నేను మూడో తరగతితో బడి మానేశాను. మా నాయన గొర్రెల వెంట పంపాడు. పెళ్ళయ్యాక మా ఇంటాయన తెచ్చే పేపరు కూడబలుక్కుంటూ మిగిలిన అక్షరాలు పట్టుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఆ స్నేహితుణ్ణి ఓబులేసు అంటాను. అది ఆయన అసలు పేరు కాదు. ఒకసారి నేను పాడుచేసిన పేరును మళ్ళీ బజార్లోకి ఈడ్చలేను.

మా ఇంటాయన పామిడిలో ఒక బడిలో అయివారు. పిల్లలకు స్కౌటు కూడా నేర్పేవాడు. స్కౌటు పిల్లల చొక్కాల మీద కుట్టే గుడ్డ బ్యాడ్జీలు మీరు చూసే ఉంటారు. ఆయనకు కొత్తవి అక్కర్లేదు. పాతవి కావాలి. ఎవడో ఒక పిల్లవాడు వేసుకుని ఎండలో తిరిగి, చెమటపట్టి, రంగు వెలిసిపోయినవి. ఊరూరి స్కౌటు అయివార్లకు కార్డులు రాసేవాడు. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకోవాలి, అమ్మడం కొనడం వాళ్ళలో తప్పట. చేతికి రాగానే ముందు తిరగేసి వెనకవైపు చూసేవాడు. ముందువైపు ఎవడన్నా అందంగా కుడతాడు, ముడులన్నీ వెనక ఉంటాయి, ఏ కాలంలో కుట్టిందో అక్కడే తెలుస్తుంది అనేవాడు. పురుగు పట్టకుండా వేపాకుల మధ్య పడుకోబెట్టేవాడు. కొత్తలో నేను మంచి మనసుతోనే కొన్నిటిని సబ్బుపెట్టి ఉతికి దండెం మీద ఆరేశాను. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. మురికిని కూడా దాచుకుంటారని నాకెలా తెలుస్తుంది?

మా ఇంట్లో చిరిగిన చీర బొంతలోకి పోతుంది. చిరిగిన బొంత ఎద్దు మీదికి పోతుంది. ఆ తర్వాత మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ చివరికి పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది. వానలు లేని నేల మీద కాపురం చేసే ఆడది ఏదీ పారేయదు. అలాంటి ఇంట్లో కట్టుకోవడానికి గానీ కప్పుకోవడానికి గానీ రాని గుడ్డను పెట్టెలో పడుకోబెట్టి మొగుడు దాన్ని బిడ్డను చూసినట్టు చూస్తుంటే నాకు గిట్టేది కాదు. ఇది నేను అప్పట్లోనే నలుగురిలో అనేదాన్ని. అనని మాట ఇంకొకటి ఉంది. అది తర్వాత చెబుతాను.

ఓబులేసు అదే బడిలో డ్రిల్లు అయివారు. పామిడిలోనే ఇల్లు. ఆయనకూ ఇదే పిచ్చి. ప్రతి ఆదివారం సైకిలు తొక్కుకుంటూ మా ఊరికి వచ్చేవాడు. గడపలోనే ఇద్దరూ ఎడమచేతులు కలుపుకునేవాళ్ళు. స్కౌటు పద్ధతి అదట. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఎడమచెయ్యి గుండెకు దగ్గర వదినా," అని ఓబులేసు నవ్వేవాడు.

"గుండెకే కాదప్పా, ఇంగో పనికీ దగ్గరే," అన్నాను ఒకసారి.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వించడానికి అన్న మాట కాదది.

నాతో మా ఇంటాయన మాట్లాడే మాటలు కొన్నే. ఉప్పు, పప్పు, ఎద్దుల మేత, వాన. చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తిట్టలేదు. మాటలు లేవు, అంతే. ఓబులేసు వస్తే మాత్రం గొంతు మారిపోయేది. ఆ గొంతు ఈ మనిషిలోనే ఉందా అనిపించేది. ఒక్కో బ్యాడ్జీ తీసి, ఇది ఏ ఊరిదై ఉంటుంది, దీన్ని వేసుకున్న పిల్లవాడు ఇప్పుడేం చేస్తుంటాడు అని ఇద్దరూ కథలు అల్లుకునేవాళ్ళు. నేను పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ వినేదాన్ని. రమ్మని నన్ను ఎవరూ పిలవలేదు. పిలిచినా పోయేదాన్ని కాదేమో. అయినా పిలవలేదు. ఇదే నేను అప్పుడు ఎవరితోనూ అనని మాట. గుడ్డముక్కల మీద నాకెందుకు కోపం అని మీరు అడగొచ్చు. వాటి పక్కన కూర్చునే చోటు నాకు లేకపోయింది.

ఒక ఏడు బళ్ళారి వైపు ఎవరో ముసలి స్కౌటు మాస్టరును వెతుక్కుంటూ పోయి మా ఇంటాయన ఒక బ్యాడ్జీ తెచ్చాడు. అరచేయంత ఉంటుంది. పచ్చటి మందమైన ఉన్నిగుడ్డ, దాని మీద పసుపు పట్టుదారంతో జింక తల. తెల్లదొరల కాలం నాటిదట. అలాంటిది మళ్ళీ కంటికి కనబడదన్నాడు. దానికి బదులుగా తన దగ్గరున్న మంచివన్నీ ఇచ్చేసి వచ్చాడు. ఆదివారం ఓబులేసు వచ్చి దాన్ని చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, దీనికి నా పెట్టె మొత్తం ఇస్తానన్నాడు. మా ఇంటాయన ఒప్పుకోలేదు. పోనీ ఒక వారం ఇంట్లో పెట్టుకుని చూసుకుని తెచ్చిస్తానన్నాడు. దానికీ ఒప్పుకోలేదు. ఓబులేసు నవ్వాడు. తన చేత్తోనే దాన్ని వేపాకుల్లో పెట్టి మూత వేశాడు. ఆ పూట మాత్రం సంగటి సగం వదిలేసి పోయాడు.

ఆ రాత్రి వాన పడింది.

మా నేల మీద వాన పడిందంటే ఇంక వేరే ఆలోచన ఉండదు. పదును ఆరేలోపల విత్తనం లోపల పడాలి. తెల్లవారేసరికి వాకిట్లో బండి కట్టి ఉంది. సేద్యగాడు అరుస్తున్నాడు. మా ఇంటాయన బడికి పోయాడు. ఒలిచి పెట్టిన చెనిక్కాయ, అదే వేరుశనగ విత్తనం సంచి ఎత్తబోతే అడుగున బొక్క. ఎలుక కొట్టింది. గింజలు జలజలా కారుతున్నాయి. ఇంకో గట్టి సంచి లేదు. నేను దబ్బనం, పురికొస తీసుకున్నాను. మాసిక వేయడానికి గుడ్డ కావాలి. మందంగా ఉండాలి, గింజ జారకూడదు.

ఇన్నేండ్లుగా నాకు నేను చెప్పుకున్నది ఏమంటే, ఆ తొందరలో చేతికి దొరికింది పెట్టి కుట్టేశానని. తెలియక చేశానని. చదువు లేనిదాన్ని, దాని విలువ నాకేం తెలుసని. అది అబద్ధం. ఒప్పుకోవడానికి కూర్చున్నాక దాన్ని కూడా ఒప్పుకోవాలి కదా. దండెం మీద పాత ఖాకీ నిక్కరు వేలాడుతోంది. పొయ్యి పక్కన మసిగుడ్డ ఉంది. రేకుపెట్టె ఉన్నది లోపలి గదిలో. నేను లోపలికి నడిచిపోయాను. మూత తీశాను. వేపాకులు పక్కకు జరిపాను. తక్కినవాటిని ముట్టుకోకుండా దాన్నొక్కదాన్నే తీశాను. ఇవన్నీ చేతులు వాటంతటవే చేస్తాయా?

దాన్ని పోగొట్టాలని అనుకోలేదు. ఒక్క పూట ఈ ఇంటికి పనికి రానీ అనుకున్నాను. సాయంత్రం ఊడదీసి దాని చోట పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? నాకొక్కదానికి తెలిస్తే చాలు. వచ్చే ఆదివారం వాళ్ళిద్దరూ దాన్ని చేతిలో పెట్టుకుని మురిసిపోతుంటే, అది నా సంచికి మాసికగా పడి ఉండిందని పొయ్యి దగ్గర కూర్చుని నేనొక్కదాన్నే నవ్వుకోవచ్చు. ఇంత చిన్న బుద్ధి నాది. ఆ ఉన్నిగుడ్డ దబ్బనానికి బాగా లొంగింది. గింజ ఒక్కటి జారలేదు.

సాయంత్రం సంచి ఇంకా చేను నుంచి రాలేదు. మా ఇంటాయన బడి నుంచి ముందే వచ్చేశాడు. కాళ్ళు కూడా కడుక్కోకుండా లోపలికి పోయాడు. నేను చేటలో బియ్యం పెట్టుకుని ఏరుతున్నాను.

"పెట్టె ఎవురన్నా ముట్టినారా?"

"నీ పెట్టె ఎవురు ముడతారు?"

"జింక బ్యాడ్జీ అగపల్యా."

నేను ఒక రాయి ఏరి పక్కన పడేశాను.

"నిన్నే అడిగేది. నువ్వు ముట్టినావా?"

"నాకెందుకప్పా నీ గుడ్డముక్కలు? ఆశపడినోళ్ళు ముట్టింటారు. నిన్న దాన్ని చేతిలో పెట్టుకోని ఇడువల్యా గదా ఆయప్ప. పెట్టెలో పెట్టింది గూడా ఆయప్పే."

అంతే. ఓబులేసు తీశాడని నేను అనలేదు. నేనన్న ప్రతి మాటా జరిగిందే. నిన్న చేతిలో పెట్టుకున్నది నిజం, పెట్టెలో పెట్టింది నిజం. నిజాలు ఏరి, రాళ్ళు తీసిన బియ్యంలాగా శుభ్రంగా చేటలో పోసి ఇచ్చాను. అబద్ధం వండుకున్నది ఆయన. ఇలా ఎన్నోసార్లు నన్ను నేను సమర్థించుకున్నాను. ఎన్నిసార్లు సమర్థించుకున్నా మధ్యలో ఒక ప్రశ్న వస్తుంది. చెప్పేటప్పుడు, వింటే ఆయన ఏమనుకుంటాడో నీకు తెలియదా? తెలుసు.

ఆయన సైకిలు తీసుకుని పామిడికి పోయాడు. దీపాలు పెట్టే వేళకు బండి వచ్చింది. ఖాళీ సంచి చేతికి వచ్చింది. జింక ముఖం నిండా ఎర్రమట్టి. దబ్బనం పొడిచిన చోటల్లా బొక్కలు. కొమ్ముల దగ్గర పట్టుదారం తెగి లేచిపోయింది. ఆయన తిరిగి రావడానికి ఇంకా సమయం ఉంది. ఊడదీసి చేతిలో పెట్టి, ఇదిగో తప్పయిపోయింది అని ఉంటే అరుస్తాడు, రెండు మూడు నెలలు మాట్లాడడు. మాట్లాడకపోవడం నాకు కొత్తా? ఒక కుట్టు ఊడదీశాను కూడా. రెండో కుట్టు దగ్గర నా చెయ్యి ఆగింది.

భయమని చెప్పొచ్చు. భయం ఉంది. కానీ అక్కడ ఇంకొకటి కూడా ఉంది. ఇంక ఆదివారాలు ఓబులేసు రాడు అనుకున్నాను. ఆ గొంతు ఇంక ఎవరి వైపు తిరుగుతుంది, ఇంట్లో ఉన్నది నేనే కదా అనుకున్నాను. సంచిని లోపలిది బయటికి తిప్పి, మడిచి, అటక మీద ఖాళీ సంచుల కట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టాను. ఏ వస్తువునూ ఊరికే ఉంచని దాన్ని, ఆ సంచిని మళ్ళీ ఏ పనికీ తీయలేదు.

ఆ తర్వాత జరిగినవి నేను చూసినవి కొన్ని, విన్నవి కొన్ని. ఓబులేసు తన బిడ్డ మీద ఒట్టు వేశాడట. మా ఇంటాయన నమ్మలేదు. మర్నాడు బడిలో అయివార్లందరి ముందూ అడిగాడు. ఆ తర్వాత ఓబులేసును స్కౌటు క్యాంపులకు పంపడం మానేశారు. మెడకు కట్టే స్కార్ఫు ఆయన మళ్ళీ కట్టలేదు. తన పెట్టెలోవన్నీ బడి పిల్లలకు పంచేశాడని విన్నాను. ఆయన గ్రౌండులో నడుస్తుంటే గోడ వెనక నుంచి పిల్లలు 'బ్యాడ్జీల దొంగ' అని కేకవేసి పరిగెత్తేవాళ్ళట. ఈ మాట మా ఇంటాయనే ఇంటికొచ్చి చెప్పాడు. సంతోషంగా చెప్పలేదు. చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారాలు నాకు మిగిలాయా? లేదు. ఆయన అరుగు మీద కూర్చుని దారి వైపు చూసేవాడు. సైకిలు గంట వినబడితే తల తిప్పేవాడు. పెట్టె తెరవడం తగ్గిపోయింది. ఉప్పు, పప్పు, వాన, ఆ మాటలు కూడా తగ్గాయి. ఒకసారి నేనే పోయి పక్కన కూర్చుని, ఈ బ్యాడ్జీ ఏ ఊరిదప్పా అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూశాడు. "నీకెందుకు," అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగాడు, నాకెందుకు కావాలని. అంతకుముందు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఒంటరిని. అప్పటి నుంచి ఇద్దరం.

పోయే ముందు నెలల్లో ఆయన మంచం మీద ఉండగా అడక్కుండానే ఒక మాట అన్నాడు. "ఆ పొద్దు అడిగినప్పుడే ఓబులేసుకు ఇచ్చేసింటే సరిపోతాండె. వాణ్ణి దొంగను చేసింది నేనే." తప్పు తన మీద వేసుకుంటున్నాడు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో గంజి గిన్నె ఉంది. నోరు తెరిస్తే చాలు. ఈ స్థితిలో మనిషిని బాధపెట్టడం ఎందుకు అనుకున్నాను. చూశారా, అప్పుడు కూడా ఒక మంచి కారణం దొరికింది. గంజి తాగించాను. మూతి తుడిచాను.

సావు రోజు ఓబులేసు వచ్చాడు. లోపలికి రాలేదు. రోడ్డు మీద నిలబడ్డాడు, ఎండలో. ఎవరూ పలకరించలేదు. నా కొడుకు చూసి ముఖం తిప్పుకున్నాడు. శవం లేచాక అందరికన్నా వెనక, చాలా దూరంగా నడిచాడట.

దినాలు అయ్యాక అటక ఎక్కి ఆ సంచిని వెతికాను. చెదలు తినేశాయి. అడుగు సంచులన్నీ మట్టి. పచ్చ ఉన్ని పోగు ఒక్కటి కూడా చేతికి రాలేదు. ఇచ్చేయడానికి కూడా ఏమీ లేదని అప్పుడు తెలిసింది. చీపురుతో ఊడ్చి ఎత్తిపోశాను.

ఇంక ఎవరికీ తెలియదు కదా, నాతోనే పోతుంది అనుకున్నాను. పోలేదు. చేను గట్టు తగాదాలాగా ఆ మాట నా కొడుకుకు దిగింది, వాడి నుంచి నా మనవరాలికి దిగింది. ఆ పిల్ల బడిలో ఉన్నప్పుడు స్కౌటులో చేరింది. ఇప్పుడు కాలేజీ. తాత పిచ్చి పట్టుకుంది. ఎక్కడెక్కడి వాళ్ళతోనో ఫోన్లో మాట్లాడి బ్యాడ్జీలు మార్చుకుంటుంది. అలాంటి జింక బ్యాడ్జీ బొమ్మ ఒకటి ఎవరో పెడితే చూసింది. ఇలాంటిదే మా తాతకు ఉండేది, మా తాతను మోసం చేసి ఎత్తుకుపోయారు అని వాళ్ళకు చెప్పిందట. ఆ మనిషి పామిడిలో ఇంకా బతికే ఉన్నాడని తెలియగానే సెలవు పెట్టి మా ఊరికి వచ్చింది. అదీ మొన్నటి కొట్లాట.

బాయిలో నీళ్ళ మాటతో కొట్లాట ఆగింది. పిల్ల కోపంతో తినకుండా పడుకుంది. నేనూ తినలేదు. గమ్మునుంటే ఏమవుతుంది? ఇది పోతుంది, అడుగుతుంది. ఆయన లేదంటాడు. ఇది ఫోన్లో పెడుతుంది. గోడ వెనక నుంచి కేకవేసిన పిల్లలు పరిగెత్తి పోయారు, ఫోన్లో మాట ఎక్కడికి పోతుంది? చివరి రోజుల్లో ఆ మనిషిని మళ్ళీ దొంగను చేసేది నా మనవరాలు. నన్నెవరూ ఏమీ అనరు. ఎప్పటిలాగే.

మర్నాడు పొద్దున జరిగింది ఇది.

నేను స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. నేనూ వస్తానన్నాను. "ఇప్పుడు తెలివొచ్చిందా అవ్వా?" అంది పిల్ల. తన వైపు మాట్లాడడానికే వస్తున్నాననుకుంది. ఆటోలో చెబుదామనుకున్నాను. పక్కన కూరగాయల గంపతో ఒకామె ఉంది. చెప్పలేదు. ఆమె లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో.

ఓబులేసు అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. కండ్లద్దాలకు ఒకవైపు దారం కట్టి ఉంది. నన్ను గుర్తుపట్టాడు. వదినా అనలేదు.

"ఏమ్మా, ఇంత దూరం వచ్చినావు?"

"తాతా, నేను..." అని పిల్ల మొదలుపెట్టింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఓబులేసప్పా, ఆ జింక బ్యాడ్జీ తీసింది నేను. విత్తనం సంచికి మాసికేసినా. మా యింటాయన అడిగితే నీ మీదికి తోసినా. తెలిసే చేసినా."

పిల్ల చెయ్యి నా చేతిలో నుంచి జారిపోయింది.

ఓబులేసు చేతిలో ఉన్న కాయను ఒలవడం ముగించాడు. గింజలు చేటలో వేశాడు.

"ఆయప్పకు చెప్పినావా?"

"చెప్పల్యా."

"పోయేటప్పుడన్నా?"

"చెప్పల్యా."

"అంటే నన్ను దొంగనుకోనే పోయినాడు."

నేను అవునన్నాను.

"మా యింటామె గూడా అడుగుతానే ఉండె," అన్నాడు. "నిజంగా తీయల్యా నువ్వు, నాతో అన్నా చెప్పు అని. పోయే దాకా అడిగె. నేను ల్యా అంటే సరే అంటాండె. మళ్ళీ కొన్నాళ్ళకు అడుగుతాండె." చేటలో గింజలు సర్దాడు. "ఇంగ ఎవురికి చెప్తావమ్మా? అడిగేటోళ్ళంతా పోయిరి."

తప్పయిందన్నాను. ఆయన విన్నాడు. మా పిల్ల వైపు తిరిగి, "నువ్వేం కావాలని వచ్చినావు పాపా?" అని అడిగాడు.

"ఏం లేదు తాతా," అంది పిల్ల.

"రోంత నీళ్ళు తాగుతావా?"

పిల్ల తల ఊపింది. ఆయన గోడ పట్టుకుని లేచి లోపలికి పోయి ఒక చెంబు తెచ్చాడు. పిల్లకు ఇచ్చాడు. తాగేదాకా నిలబడి చెంబు తీసుకున్నాడు. చేట ఎత్తుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. గట్టిగా వేయలేదు.

మేం ఆటోల దగ్గరికి నడిచి వచ్చాం. నాకు ఆకలి వేసింది. బయట కొనుక్కుని తినే అలవాటు నాకు లేదు. తోపుడుబండి దగ్గర బొరుగుల ఉగ్గాని పెట్టించుకుని, నిలబడే తిన్నాను. మొత్తం తిన్నాను. పిల్లను తినమన్నాను. వద్దంది. ఆటో వచ్చింది. పిల్ల పోయి ముందర డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను.